ఫాంటసీ కథలో గురువుకి ధర్మసంకటం రాయడం ఎలా?

ఫాంటసీ రాసే మిత్రులు తమ చిత్తుప్రతులు నాకు పంపుతుంటారు. రాజ్యాలు, మంత్రాలు, యుద్ధాలు చక్కగా కుదురుతాయి. గురువు దగ్గరికి వచ్చేసరికి కథ చల్లబడుతుంది. తెల్లగడ్డం, చేతికర్ర, కొండ మీద గుహ. నాయకుడు వెళ్తాడు, ఆయన నాలుగు మంచి మాటలు చెప్పి కత్తో తాయెత్తో చేతిలో పెడతాడు, కథ సగమయ్యాక చనిపోతాడు. నా మొదటి నవల్లో గురువునీ ఇలాగే రాశాను. చదివినవాళ్ళలో ఒక్కరూ ఆయన గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది నన్ను చాలాకాలం బాధపెట్టింది.

తర్వాత భారతం మళ్ళీ చదువుతుంటే కారణం దొరికింది. నా గురువుకి అన్నీ తెలుసు, కానీ ఆ తెలిసినదాని వల్ల ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. నిజానికి చిక్కంతా తెలిసినవాడికే. తెలియనివాడు చేస్తే పొరపాటు, తెలిసినవాడు చేస్తే తప్పు. ఏం జరగబోతోందో ముందే తెలిసిన మనిషి దాన్ని ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి, చెప్పకపోతే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుంది? గురువు పాత్ర అంతా ఈ ప్రశ్నల చుట్టూ తిరగాలి. దాన్ని పట్టుకొని గురువుని ఎలా కట్టుకురావాలో ఇక్కడ చెప్తాను. పక్కన మీ కథ పెట్టుకొని చదవండి.

ముందు ఒక కథ అనుకుందాం

గాల్లో మాట్లాడితే ఉపయోగం ఉండదు కాబట్టి ఒక చిన్న కథ కల్పించి, దాని మీదే పని చేద్దాం.

ఒక పెద్ద చెరువు. దాని ఆయకట్టులో ఏడు ఊళ్ళు. పూర్వం ఎవరో ఒక జలభూతాన్ని ఆ కట్టలో బంధించారు. అది కదిలితే కట్టకి గండి పడుతుంది. ఏటా వానలు మొదలయ్యేముందు తూము దగ్గర నిలబడి ఒక మంత్రం చదవాలి. ఆ పని నీరటిది. చెరువు తూము తెరిచి, మూసి, పొలాలకి వంతు ప్రకారం నీళ్ళు పెట్టే మనిషిని తెలంగాణ పల్లెల్లో నీరటి అనే అంటారు. మన కథలో నీరటి ఒక ముసలావిడ. ఆమె దగ్గర పెరుగుతున్న 14 ఏళ్ళ అమ్మాయి ఆమెని అవ్వా అని పిలుస్తుంది. మంత్రం ఊరికే పలకదు, చదివినప్పుడల్లా చదివినవాళ్ళ జ్ఞాపకం ఒకటి తీసుకుంటుంది. అవ్వకి ఇప్పటికే పెనిమిటి ముఖం గుర్తులేదు. ఇంకొక్కసారి చదివితే మంత్రమే మరిచిపోయేలా ఉంది. ఇక చదవాల్సింది అమ్మాయి. మంత్రం ఏం తీసుకుంటుందో అమ్మాయికి తెలియదు.

ఈ ఊహ ఎక్కడి నుంచో ఊడిపడలేదు. చెరువు కట్ట మనిషిని కోరుకున్న కథలు మన నేల మీద చాలా ఉన్నాయి. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడం కోసం ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణమిచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడల్లా నా మనసు ముసలమ్మ దగ్గర కన్నా ఇంకొకరి దగ్గర ఆగిపోతుంది. ఆమె పోవాలన్న కబురు మోసుకుంటూ ఆ ఇంటి గడప దాకా ఎవరు నడిచారు? దారిలో ఏమనుకున్నారు? గురువు పాత్ర నాకు అక్కడ దొరుకుతుంది.

1. శిష్యుడు రాకముందే గురువుకి ఒక బాకీ ఉండాలి

చాలామంది సంకటాన్ని కథ మధ్యలో మొదలుపెడతారు. శత్రువు వచ్చాడు, గురువు ఇద్దరిలో ఒకరినే కాపాడగలడు, ఎవరిని? ఇలాంటిది ఒక పూట ఉత్కంఠకి సరిపోతుంది. మనసులో నిలిచే సంకటం మాత్రం శిష్యుడి ముఖం చూడకముందు పడిన బాకీ నుంచి పుడుతుంది.

ద్రోణుణ్ణి చూడండి. కొడుకు పిండి కలిపిన నీళ్ళు తాగి, పాలు తాగానని గంతులేశాడు. అది చూడలేక, చిన్ననాటి స్నేహితుడు కదా అని ద్రుపదుడి దగ్గరికి వెళ్తే, రాజుకీ పేదవాడికీ స్నేహమేమిటని అవమానించాడు. ఆ తర్వాతే హస్తినాపురం వచ్చాడు. భీష్ముడు పిలిచి కూర్చోబెట్టి పిల్లల్ని అప్పగించాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటి ఉప్పు తిన్నాడు. ఇంకా అర్జునుడు ఎవరో, దుర్యోధనుడు ఎవరో ఆయనకి తెలియదు, బాకీ మాత్రం అప్పుడే పడింది.

దాని వడ్డీ ఎప్పుడు కట్టాడో కూడా చూడండి. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు ఆయుధాలు దించి, కవచం విప్పి, కాలినడకన శత్రుసేనలోకి వెళ్ళి పెద్దల పాదాలకి మొక్కుతాడు. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు నలుగురూ ఒకే మాట అంటారు: మనిషి అర్థానికి దాసుడు, అర్థం ఎవరికీ దాసి కాదు, కౌరవులు నన్ను దానితో కట్టేశారు. అంత విద్య ఉన్నవాళ్ళు, ధర్మం ఎటుందో తెలిసినవాళ్ళు, మేం తిన్న కూడు మమ్మల్ని ఇటు నిలబెట్టిందని ఒప్పుకుంటున్నారు. గురువుల గురించి ఇంతకన్నా నిజాయితీగా రాసిన ఘట్టం నేను చదవలేదు.

మన అవ్వకి ఏం బాకీ పెడదాం? పదేళ్ళ క్రితం మంత్రం చదవాల్సిన రోజు ఆమె చదవలేదు. చనిపోయిన కొడుకు గురించి ఆమెకి ఒకే ఒక్క జ్ఞాపకం మిగిలింది, అది పోతుందని భయపడింది. ఆ ఏడు గండి పడింది. కొట్టుకుపోయినవాళ్ళలో ఈ అమ్మాయి తల్లిదండ్రులు ఉన్నారు. నాలుగేళ్ళ పిల్లని తెచ్చి పెంచుకుంటున్నది అందుకే.

ఇప్పుడు అవ్వ చేసే ప్రతి పనికీ రెండు అర్థాలు వచ్చాయి. అన్నం కలిపి పెడితే ప్రేమా, ప్రాయశ్చిత్తమా? ఆమెకే తెలియదు.

మీ గురువుకి కూడా ఒక పది వాక్యాల్లో ఈ బాకీ రాసుకోండి. ఎవరికి బాకీ, ఎప్పుడు పడింది, తీర్చడానికి ఇప్పటిదాకా ఏం చేశాడు, ఏం చేయకుండా తప్పించుకున్నాడు. ఇదంతా నవల్లో రావక్కర్లేదు, మీ కాగితం మీద మాత్రం ఉండాలి. "లోకకల్యాణం కోసం" అని రాసుకుంటే కొట్టేయండి. లోకానికి ముఖం ఉండదు. బాకీ ఒక మనిషికి ఉండాలి.

2. రెండు కాగితాలు తీసుకోండి

ఇది తొందరగా అయిపోయే పని. ఒక కాగితం మీద గురువుకి తెలిసినవన్నీ రాయండి. రెండోదాని మీద శిష్యుడికి తెలిసినవి రాయండి. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివాటి కింద గీత గీయండి. ఒక్కో గీత పక్కన "ఎందుకు చెప్పలేదు?" అని రాసి జవాబు వెతకండి.

"సమయం రాలేదు కాబట్టి" అనేది జవాబు కాదు. అది రచయిత అవసరం, పాత్ర అవసరం కాదు. పాత్ర కారణాలు వేరుగా ఉంటాయి: చెప్తే పారిపోతాడేమో, నన్ను అసహ్యించుకుంటాడేమో, నాకే పూర్తిగా నమ్మకం లేదు, మాట ఇచ్చాను, ఈ ఒక్క పండగైనా నవ్వుతూ గడపనీ.

నాకే నమ్మకం లేదు అన్న కారణం చాలా బలమైనది, మనవాళ్ళు తక్కువగా వాడతారు. టోల్కీన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల్లో గాండాల్ఫ్ అనే మాంత్రికుడికి, తన చిన్న మిత్రుడు ఫ్రోడో దగ్గరున్న ఉంగరం మామూలుది కాదన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. అయినా దాన్ని మంటలో పరీక్షించి ఫ్రోడోకి అసలు సంగతి చెప్పేసరికి 17 ఏళ్ళు గడిచాయి. సినిమా చూసినవాళ్ళకి ఇంత కాలం గడిచినట్టు తెలియదు. రుజువు లేకుండా చెప్తే ఒక అమాయకుడి బతుకు భయంతో నిండిపోతుంది. రుజువు కోసం ఆగితే శత్రువు దగ్గరికి వస్తాడు. తెలివైనవాడు ఆగడమూ ఒక నిర్ణయమే, దానికీ లెక్క ఉంటుంది.

3. రెండు పక్కలా న్యాయం ఉండాలి, మూడో దారి ఇంకా ఖరీదు కావాలి

మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోవడం ప్రలోభం. సంకటం అంటే రెండు మంచి పనుల్లో ఒకటి చేయాలంటే రెండోదాన్ని చంపుకోవాల్సి రావడం. ఇది అందరూ చెప్పేదే. దీని తర్వాత వచ్చే చిక్కు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు: పాఠకుడు తెలివైనవాడు, "ఈ రెండూ కాక ఇలా చేయొచ్చు కదా" అంటాడు. ఆ మూడో దారిని ఏం చేయాలి?

శుక్రాచార్యుడు ఏం చేశాడో చూద్దాం. నన్నయ ఆదిపర్వంలో తెలుగు చేసిన కచ దేవయానుల కథ ఇది. మృతసంజీవని విద్య తెలిసినవాడు శుక్రుడొక్కడే, ఆయన రాక్షసులకి గురువు. దేవతలు బృహస్పతి కొడుకు కచుణ్ణి శిష్యుడిగా పంపారు. ఎందుకొచ్చాడో అందరికీ తెలుసు. అయినా శుక్రుడు చేర్చుకున్నాడు. రాక్షసులు కచుణ్ణి చంపారు, శుక్రుడు బతికించాడు. ఆఖరికి వాళ్ళు కచుణ్ణి కాల్చి, ఆ బూడిద మద్యంలో కలిపి శుక్రుడి చేతే తాగించారు.

ఇప్పుడు కచుడు గురువు కడుపులో ఉన్నాడు. బతికిస్తే పొట్ట చీల్చుకొని బయటికి వస్తాడు, గురువు పోతాడు. బతికించకపోతే శిష్యహత్య, పైగా కచుడు లేకపోతే నేనుండనని ఏడుస్తున్న కూతురు దేవయాని. రెండు దారులూ మూసుకుపోయాయి. అప్పుడు శుక్రుడు మూడోది తీశాడు. కడుపులో ఉన్న కచుడికి సంజీవని విద్య నేర్పాడు. కచుడు బయటికి వచ్చి, చనిపోయిన గురువుని ఆ విద్యతోనే బతికించాడు.

ఎంత తెలివైన ఉపాయమో అనుకొని వదిలేయకండి. దానికి ఎంత ఇచ్చాడో లెక్క వేయండి. తన పక్షానికి ఉన్న ఒకే ఒక్క బలాన్ని శత్రువు కొడుకు చేతిలో పెట్టాడు. ఏళ్ళ తరబడి నమ్ముకున్న రాక్షసుల మీద ఆ దెబ్బ పడింది. అంటే మూడో దారి మొదటి రెండింటికన్నా ఎక్కువ ఖరీదు చేసింది, ఆ ఖరీదు అక్కడ లేనివాళ్ళు కట్టారు. మీ కథలోనూ మూడో దారి పెట్టొచ్చు. ఇలా ఖరీదైనది అయితేనే పెట్టండి.

4. తప్పించుకునే తలుపులు ఒక్కొక్కటే మూయండి

పని ఎక్కువ పడేది ఇక్కడే. నాకైతే ఈ ఒక్క మెట్టుకే నెల రోజులు పట్టిన సందర్భాలున్నాయి.

ఆ పని గురువే ఎందుకు చేయకూడదు? చాలా కథలు ఈ ప్రశ్న దగ్గరే కూలిపోతాయి. వెయ్యేళ్ళ అనుభవం ఉన్న మహామాంత్రికుడు పదహారేళ్ళ పిల్లాణ్ణి రాక్షసుడి మీదికి పంపుతాడు, తను కొండ మీద కూర్చుంటాడు. ఎందుకని? రామాయణంలో దీనికి చక్కటి జవాబు ఉంది. విశ్వామిత్రుడు యాగదీక్షలో ఉన్నాడు, దీక్షలో ఉండగా కోపం తెచ్చుకోకూడదు, శపించకూడదు. అందుకే దశరథుడి దగ్గరికి వచ్చాడు. నా రాముడికి ఇంకా పదహారేళ్ళు నిండలేదని ఆ తండ్రి ఎంత బతిమాలాడో మనకి తెలుసు. గురువు చేతులు కట్టేసినది ఆయన నిష్ఠే. గాండాల్ఫ్ సంగతీ అలాంటిదే: ఫ్రోడో ఉంగరం ఇవ్వబోతే వద్దంటాడు, మంచి చేయాలన్న తన కోరికలో నుంచే అది తనని లొంగదీసుకుంటుందని భయపడతాడు. గురువుని ఆపేది బలహీనత కానక్కర్లేదు. ఆయనలో ఉన్న గొప్ప గుణమే ఆపితే కథ ఇంకా బలంగా ఉంటుంది.

మన అవ్వ విషయంలో ఈ తలుపు ముందే మూసుకుంది. ఇంకోసారి చదివితే మంత్రమే పోతుంది, అమ్మాయికి సరిదిద్దేవాళ్ళు ఉండరు. అయినా ఒక చిన్న సందు ఉంది. ఈ ఏడు అవ్వే చదివేసి, వచ్చే ఏటికి అమ్మాయికి నేర్పించి ఉంచొచ్చు కదా? మూయాలి. అమ్మాయికి మూడు పాదాలే పట్టుబడ్డాయి, నాలుగోది తూము ముందు నిలబడి చదువుతూనే నేర్చుకోవాలి అని పెట్టాను. సందు మూసుకుంది.

రెండో తలుపు: నిజం చెప్పేస్తే సరిపోదా? చెప్తే అమ్మాయి ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు ఏడు ఊళ్ళు. ఒప్పుకుంటే మరీ కష్టం. తనని పెంచిన మనిషి అడిగితే 14 ఏళ్ళ పిల్ల కాదంటుందా? దాన్ని ఒప్పుకోవడం అనొచ్చా? ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పడం కూడా ఒక్కోసారి బలవంతమే అవుతుందని ఈ కథ వల్లే అర్థమైంది. మీరు తలుపులు మూస్తూ పోతే మీకూ ఇలాంటిది ఒకటి తగులుతుంది. తగిలితే అదే మీ కథకి గుండెకాయ, వదలకండి.

మూడో తలుపు విధి. "ఇలా జరగాలని రాసిపెట్టి ఉంది" అన్నారో, సంకటం కాస్తా ఆవిరైపోతుంది. భవిష్యవాణి వాడితే వాడండి, కానీ దాని వల్ల గురువు బాధ్యత పెరగాలి. ద్రుపదుడు యాగం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి కన్నది ద్రోణుణ్ణి చంపడానికే. ఆ సంగతి తెలిసే ద్రోణుడు ఆ కుర్రవాడికి అస్త్రవిద్య నేర్పాడు. తప్పనిది తప్పదు అనుకున్నాడు, అడిగినవాడికి విద్య లేదంటే తన పేరుకి మచ్చ అనీ అనుకున్నాడు. విధి తెలిసిన మనిషి తన చేతులతో ఏం చేశాడన్నది ప్రశ్న.

చుట్టూ ఉన్నవాళ్ళ సంగతీ చూసుకోండి. ఊరి పెద్దలకి తెలుసా? పక్క ఊరి నీరటి ఎవరైనా ఉన్నారా? అడగదగిన ప్రతి మనిషినీ గురువు అడిగి ఉండాలి, లేదా అడగలేని కారణం ఉండాలి.

5. ఇప్పుడు సన్నివేశం రాయండి

ఇంత తవ్విన తర్వాత చాలామంది చేసే పని ఏమిటంటే, ఆ తవ్వినదంతా గురువు నోట ప్రసంగంగా పెట్టేస్తారు. ఇలా ఉంటుంది:

"బిడ్డా, త్యాగం కన్నా గొప్ప ధర్మం లేదు. ఏడు ఊళ్ళ ప్రాణాలు నీ చేతుల్లో ఉన్నాయి. నా హృదయం రెండుగా చీలిపోతోంది. ఒకవైపు నీ మీద ప్రేమ, మరోవైపు కర్తవ్యం..."

హృదయం చీలిందని చెప్పేవాడి హృదయం చీలినట్టు ఎవరికీ అనిపించదు. గురువు మాటలు తగ్గించి, చేతులకి పని పెట్టండి. అదే ఘట్టం నేను ఇలా రాసుకున్నాను:

అవ్వ తూము మెట్ల మీద కూసుంది. అమ్మాయి మూడో పాదం దాటి ఆగింది.

"నీళ్ళను చూడకు. రాయిని చూడు."

"అవ్వా, ఈ ఒక్కసారి నువ్వే చదువరాదూ?"

"గొంతు పోయింది బిడ్డా."

"పొద్దుగాల పాట పాడినవు గద."

అవ్వ కొంగులో జొన్నరొట్టె ఉంది. తీసి రెండుగా తుంచింది. పెద్ద ముక్క అమ్మాయి చేతిలో పెట్టింది.

"మీ అమ్మ నిన్నేమని పిలుస్తుండె?"

"చిట్టీ అని. నీకెరుకే గద."

"ఇంకోపారి చెప్పు."

"చిట్టీ."

"మీ అమ్మ ఎట్ల పిలుస్తుండెనో, గట్ల చెప్పు."

అమ్మాయి నవ్వింది. రొట్టె నోట్లో పెట్టుకొని, తల్లి గొంతు అనుకరిస్తూ సాగదీసి పిలిచింది. అవ్వ కళ్ళు మూసుకొని విన్నది.

ఇందులో ధర్మం అన్న మాట లేదు, త్యాగం అన్న మాట లేదు. అవ్వ అబద్ధం ఆడింది, అది వెంటనే దొరికిపోయింది, ఆమె దాన్ని సరిదిద్దుకోలేదు. అమ్మాయి పోగొట్టుకోబోయే జ్ఞాపకాన్ని తన దగ్గర దాచుకోవాలని చూస్తోంది. దాచుకోవడానికి తన బుర్రే చిల్లుల కుండ అని ఆమెకి తెలుసు. మంత్రం సంగతి ముందే తెలిసిన పాఠకుడికి రొట్టె పెద్ద ముక్క చూస్తేనే కడుపులో దేవినట్టవుతుంది.

అందుకే పాఠకుడికి నిజం ఎప్పుడు తెలియాలన్నది ముఖ్యం. ఇలాంటి ఘట్టంలో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలని నా అభిప్రాయం. చివర్లో గుట్టు విప్పి ఆశ్చర్యపరచడం బాగానే ఉంటుంది, కానీ అప్పుడు పాఠకుడు శిష్యుడి పక్కన నిలబడి మోసపోతాడు. ముందే తెలిస్తే గురువు పక్కన నిలబడతాడు, ఆ మౌనంలో భాగస్వామి అవుతాడు. మీరు రాస్తున్నది గురువు సంకటం కాబట్టి రెండో చోటే సరైనది.

మౌనం గురించి ఒక మాట. సభలో ద్రౌపది ప్రశ్న అడిగినప్పుడు భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు, ద్రోణుడు నోరు విప్పలేదు. మాట్లాడినవాళ్ళు విదురుడు, చిన్నవాడైన వికర్ణుడు. ఒకరు మాట్లాడుతుంటేనే ఇంకొకరి మౌనం వినిపిస్తుంది. మీ గురువు మౌనంగా ఉండే చోట, అంత తెలివీ అధికారమూ లేని మనిషి ఒకడు లేచి నిజం అనేలా చూడండి.

6. ఎవరు కట్టారో చూపించండి

గురువు నిర్ణయానికి ఖరీదు ఎప్పుడూ చిన్నవాళ్ళు కడతారు. అర్జునుణ్ణి మించిన విలుకాడు ఉండడని ద్రోణుడు మాట ఇచ్చాడు, ఆ మాట నిలబెట్టింది ఏకలవ్యుడి బొటనవేలు. యుద్ధంలో 13వ రోజు చక్రవ్యూహంలో అభిమన్యుణ్ణి చూసి ద్రోణుడు మురిసిపోతూ మెచ్చుకున్నాడు. కాసేపటికి కర్ణుడు వచ్చి అడిగితే, ముందు విల్లు తుంచండి అని దారి చెప్పింది కూడా ఆ నోరే. ఆ పిల్లవాడికి 16 ఏళ్ళు.

ఖరీదు ఒక్క ప్రాణాల్లోనే కొలవకండి. మొదట చెప్పిన ఘట్టంలో ధర్మరాజు, మిమ్మల్ని గెలవడం ఎలా అని ద్రోణుణ్ణే అడుగుతాడు. నమ్మదగిన మనిషి నోటి నుంచి దుర్వార్త వింటే ఆయుధం వదిలేస్తాను అంటాడు ద్రోణుడు. గురువు ప్రేమతో ఇచ్చిన రహస్యం అది. 15వ రోజు ఆ రహస్యమే ధర్మరాజు చేత అశ్వత్థామ చనిపోయాడని అనిపించింది. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన అతని రథం ఆ మాటతో నేలని తాకింది. శిష్యుడి ప్రాణం దక్కింది, సత్యం పోయింది. ఇలాంటి నష్టం రాయగలిగితే యుద్ధం గెలిచిన తర్వాత కూడా మీ కథ అయిపోదు.

మన కథలో మంత్రం తర్వాత అమ్మాయికి తల్లి పిలుపు పోతుంది. ఎవరైనా చిట్టీ అంటే తిరిగి చూడదు. అది ఆమెకి నష్టంగా కూడా తెలియదు, తెలిసేది అవ్వకే. అమ్మాయికి నిజం తెలిసే రోజు కూడా రాయాలి. ఆ రోజు అవ్వ చేత సంజాయిషీ చెప్పించకండి. అడిగినదానికి జవాబు మాత్రం చెప్పించండి. శిష్యుడు పాదాల మీద పడి "మీరు చేసింది నా మంచికే" అంటే మీరు ఇంతసేపు కట్టినదంతా కూలుతుంది. క్షమించనివ్వండి, క్షమించకపోనివ్వండి, కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండనివ్వండి. కోపంతోనే నీళ్ళ కడవ తెచ్చి అవ్వ గడప దగ్గర పెట్టి వెళ్ళిపోవచ్చు.

గురువుని చంపి ఈ ఘట్టం తప్పించుకోవద్దు. చనిపోయిన గురువుని అందరూ క్షమిస్తారు. బతికి ఉండి, రోజూ అదే ముఖం చూడాల్సి రావడం కష్టం. చావు తప్పదనుకుంటే ఈ మాటలు అయ్యాకే రానివ్వండి.

7. గురువు నోటి భాష

పాతకాలం మనిషి అనగానే గ్రాంథికం ఎత్తుకోవడం మనకి అలవాటు. "వత్సా, వినుము" అనగానే పాఠకుడు వెనక్కి వాలి కూర్చుంటాడు. మీ గురువు ఏ ఊరివాడో, ఏ పని చేసి బతికాడో ఆ మాట మాట్లాడనివ్వండి. అవ్వకి కట్ట, అలుగు, తూము, గండి అన్న మాటల్లోనే ఆలోచన వస్తుంది. ఎవరైనా కోపంగా ఉంటే "అలుగు పారుతుంది, ఆగు" అంటుంది. కుమ్మరి గురువైతే సారె మీద నుంచి మాట్లాడతాడు, పడవవాడైతే ఏటి లోతు నుంచి.

పిలుపుల్లో కూడా సంకటం కనిపిస్తుంది. రోజూ బిడ్డా అనే మనిషి ఆ రోజు పేరు పెట్టి పిలిస్తే ఏదో దాస్తున్నాడని తెలుస్తుంది. నువ్వు అనే శిష్యుడు నిజం తెలిశాక మీరు అంటే, ఆ ఒక్క మాటకి పేజీ రాసినంత బలం. మన భాష ఇచ్చిన ఈ సౌకర్యాన్ని ఫాంటసీలో ధారాళంగా వాడుకోండి.

సామెతలు నవల మొత్తానికి రెండో మూడో చాలు. గురువు చెప్పిన నీతి ఆయన మీదికే తిరిగి వచ్చేలా ఒకటి పెట్టుకుంటే మరీ మంచిది. కథ మొదట్లో అవ్వ అమ్మాయికి చెప్తుంది: "నీళ్ళు పెట్టేటప్పుడు వంతు తప్పకు. ఎవరి వంతు వాళ్ళది." చివర్లో అమ్మాయి అదే మాట తిరిగి అడుగుతుంది: "పదేండ్ల కింద వంతు ఎవరిదవ్వా?"

8. చదివించి చూడండి

రాసిన అధ్యాయాన్ని ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. ఒకరు పెద్దవాళ్ళై ఉంటే మంచిది, పిల్లల్ని పెంచినవాళ్ళు, లేదా పాఠం చెప్పినవాళ్ళు. బాగుందా అని అడగకండి. "అవ్వ స్థానంలో మీరుంటే చెప్పేవాళ్ళా?" అని అడగండి. అందరూ తడుముకోకుండా ఒకే జవాబు ఇస్తే ఎక్కడో ఒక తలుపు తెరిచే ఉంది, నాలుగో మెట్టుకి తిరిగి వెళ్ళండి. జవాబులు వేరుగా ఉన్నా, ఎవరూ తమ బతుకులో నుంచి ఒక్క సంగతి తీసి చెప్పకపోతే బాకీ సరిగా పడలేదు, మొదటి మెట్టు మళ్ళీ చూడండి.

అవ్వ కథ చదివించినప్పుడు మా ఇంట్లో ఒక పెద్దావిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తన కూతురి పెళ్ళప్పుడు అల్లుడి గురించి తనకి తెలిసిన ఒక సంగతి దాచానని, అది చెప్పి ఉండాల్సిందో కాదో ముప్పై ఏళ్ళయినా తేలలేదని అంది. పక్కనే ఉన్న ఆవిడ చెల్లెలు, "చెప్పాల్సిందే అక్కా" అంది. ఇద్దరూ రాత్రి అన్నాల వేళ దాకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఆ అధ్యాయంలో ఇంకొక్క అక్షరం మార్చలేదు.